లేని రెండు తుపాకుల విషయమై

మాటాకురా లోయ,
మార్చి 24.

జిల్లా ఆయుధ తనిఖీ అధికారి శ్రీ గ్రేమ్ పిల్‌బ్రో గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా వద్ద నుండి తీసుకున్న ఒక్క తుపాకీని తిరిగి ఇప్పించుట గురించి, నా వద్ద ఎన్నడూ లేని రెండు తుపాకులను నేను అప్పగించలేకపోవుట గురించి.

మాటాకురా లోయ నివాసి, రైల్వేలో పట్టాల మేస్త్రీగా ముప్పై నాలుగేళ్ళు చేసి విరమించిన మెర్విన్ హ్యాగర్టీ అను నేను, వయస్సు అరవై తొమ్మిది, మూడవ పర్యాయం విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు తుపాకీ మా నాన్న క్లారెన్స్ హ్యాగర్టీది. యుద్ధం అయ్యాక సైన్యం తనకు అక్కరలేని త్రీ-నాట్-త్రీ తుపాకులను అమ్మేస్తే ఆయన ఒకటి కొనుక్కున్నాడు. ఆ రోజుల్లో జింకలు పెరిగిపోయి కొండలన్నీ బోడి చేస్తున్నాయని ప్రభుత్వమే మనుషుల్ని పెట్టి చంపించేది. మా నాన్న తొమ్మిదేళ్ళు అదే తుపాకీతో సర్కారు జీతం మీద జింకల్ని కొట్టి, తోకలు కోసి లెక్క చూపించాడు. ఇది సైనిక తుపాకీ కదా, నీ దగ్గర ఎందుకుంది అని ఆనాడు ఏ అధికారీ అడగలేదు. ఇంకా ఎక్కువ తోకలు ఎందుకు తేలేదని మాత్రం అడిగారు. ఆయన పోయాక తుపాకీ నాకు వచ్చింది. ఆయన వస్తువుల్లో నా దగ్గర మిగిలింది అదొక్కటే.

2. గత ఏప్రిల్ 14న తమరు మా ఇంటికి దయచేసి, తుపాకీని వంటింటి బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు తగిలించుకుని, దాని మీద ఉన్న నంబర్లన్నీ పుస్తకంలోకి ఎక్కించుకున్నారు. ఇనుప బాడీ మీద ఒక నంబరు, బోల్టు మీద వేరొకటి, ముందరి కొయ్య మీద ఇంకొకటి. పాత సైన్యం తుపాకులు చాలావరకు ఇంతే. మరమ్మతు షెడ్డులో దేనికి ఏది సరిపోతే అది బిగించి పంపేవారు. ఆ సంగతి నేను మనవి చేసుకున్నాను. "తెలుసులెండి, అయినా అన్నీ రాసుకుంటే మంచిది" అన్నారు తమరు. నా భార్య నోలీన్ పెట్టిన అల్లం బిస్కట్లు రెండు తిని, తుపాకీని తనిఖీ నిమిత్తం పట్టుకెళ్ళారు. వారంలో పంపుతామన్నారు.

నవంబరులో తాకీదు వచ్చింది. ఆ మూడు నంబర్లకు నా పేరిట మూడు తుపాకులు నమోదైనట్లు, అందులో ఒకటి మాత్రమే అప్పగించినట్లు, మిగతా రెండింటిని మార్చి 31 లోగా అప్పగించని పక్షంలో నా లైసెన్సు రద్దు చేసి, స్వాధీనంలో ఉన్నదాన్ని రంపంతో ముక్కలు కోయించెదమని అందులో ఉంది. ఈ రోజు 24. ఇంకా ఏడు రోజులు.

3. ఈ విషయమై తమ కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్ళాను. కౌంటరులో శ్రీమతి ట్రెవిస్ గారితో జరిగిన సంభాషణను ఉన్నదున్నట్లు సమర్పించుకుంటున్నాను.

"మిగతా రెండూ తెచ్చారా, మిస్టర్ హ్యాగర్టీ?"

"అవి మీ దగ్గరే ఉన్నాయమ్మా. మూడూ కలిపితేనే ఆ ఒక్కటి."

"అయితే విడివిడిగా విప్పి తెచ్చివ్వండి."

"ఎలా విప్పను, మీ దగ్గరుంటే?"

"మా దగ్గరున్నది మొదటిదండీ. దాన్ని మేం ముట్టుకోకూడదు."

"పోనీ ఒక్క అయిదు నిమిషాలు నా చేతికివ్వండి. ఇక్కడే, మీ కళ్ళ ముందే విప్పి మూడూ మీకే ఇచ్చేస్తాను."

"బాగుంది. మిగతా రెండూ రాకుండా మొదటిది మీకెలా ఇస్తాం?"

ఆవిడ మంచిదే. అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, "పోయాయని రాసిచ్చెయ్యండి. ఏట్లో పడిపోయాయని. ఫైలు మూసేస్తారు" అని ఒక ఫారం కూడా ఇచ్చారు. అందులో ఏడవ గడి: "ఆయుధం పోవుటకు కారణమైన మీ అజాగ్రత్తను వివరించండి." లేని తుపాకులను ఎంత అజాగ్రత్తగా పారేసుకున్నానో రాయడానికి మూడు రోజులు కూర్చున్నాను.

"పడవ మునిగిందని రాయి, మెర్వ్" అంది నోలీన్.

"మనకు పడవ ఎక్కడుందే?"

"పడవ కూడా పోయిందని రాయి."

అయ్యా, ఆ ఫారం ఖాళీగానే ఉంది. జతపరచడం లేదు.

4. తాకీదు అడుగున "సైనిక తరహా ఆయుధం బాధ్యతాయుతమైన జింకల వేటకు తగదు" అని ఎవరో ఎర్ర సిరాతో రాశారు. చేతిరాత తమరిదేనని అనుకుంటున్నాను. ఈ మాట చదివినప్పుడు నాకు ఒళ్ళు మండిందని దాచకుండా మనవి చేసుకుంటున్నాను.

మా తుపాకీ గుళ్ళ పెట్టెలో పది పడతాయి. నేను మూడే పెడతాను. సైన్యం గుండు ఒంట్లోంచి దూసుకుపోతుంది, జింక వెంటనే చావక నరకం పడుతుంది. అందుకని మెత్తటి మొన గుళ్ళు తప్ప ఇంకొకటి ఎన్నడూ వాడలేదు. దానికి దుర్బీను లేదు. ఎనభై అడుగులు దాటితే ఈ కళ్ళకు ఆనదు కాబట్టి ఎనభై అడుగులు దాటి కాల్చను. తమ కార్యాలయం వారు మెచ్చుకునే కొత్త తుపాకుల దొరలు ఈ కొండ మీద కూర్చుని ఆ కొండ మీది జింకను కొడతారు. అక్కడికి దిగి ఎక్కేసరికి చీకటి పడుతుంది, వెనక్కి పోతారు. కిందటేడు అలా కడుపులో గుండుతో వాగుల్లో పడి ఉన్నవాటిని మూడింటిని చూశాను. ఒకటి ఇంకా బతికే ఉంది. దాని బాధ నేనే తీర్చాను. ఆ రోజు అన్నం సయించలేదు.

ఇక భద్రత సంగతి. బోల్టు లేనిదే తుపాకీ పేలదు; దాన్ని తుపాకీతో కలిపి దాచకూడదని నియమం. మా ఇంట్లో బోల్టు నోలీన్ దగ్గర ఉంటుంది. ఆవిడకూ లైసెన్సు ఉంది. ఎక్కడ దాస్తుందో ముప్పై ఏళ్ళుగా నాకే తెలియదు. అడవికి వెళ్ళాలంటే ముందు ఆవిడ పరీక్ష పాసు కావాలి.

"ఏ వాగు?"

"ఉత్తరపు వాగు."

"ఎప్పుడొస్తావు?"

"చీకటి పడే లోపల."

"మందులు వేసుకున్నావా?"

అన్నిటికీ సరిగ్గా చెబితేనే లోపలికెళ్ళి తెచ్చిస్తుంది. తమ కార్యాలయం వారి పరీక్ష ఇందులో సగం కూడా ఉండదు.

5. ఇప్పుడు మొదటి రెండు అర్జీల్లో రాయని సంగతి. ఏప్రిల్ మగజింకలు రంకెలు వేసే కాలమని తమకు తెలుసు. ఇంట్లో దుమ్ము పీల్చే యంత్రం గొట్టం ఒకటి పట్టుకుని మనం కూడా రంకె వేస్తే, ఎవడ్రా నా పెళ్ళాల మధ్యకొచ్చింది అని పోతు కొట్లాటకు వస్తుంది. గత ఏప్రిల్ 11 ఉదయం ఉత్తరపు వాగు దగ్గర నేను రంకె వేశాను. అవతలి గట్టు నుంచి జవాబు వచ్చింది. బొంగురు గొంతు, మంచి పొగరు. నేను మళ్ళీ వేశాను. అది మళ్ళీ వేసింది. రెండు గంటలు ఒకర్నొకరు తిట్టుకుంటూ, బురదలో పాక్కుంటూ దగ్గరకొచ్చాం. ఇంత రోషమున్న పోతును నలభై ఏళ్ళలో చూడలేదనుకున్నాను.

ఆ పోతు తమరే.

పొదలో ఉన్నది మనిషని గుర్తుపట్టి, నేనే ముందు కేకేశాను. తమరు లేచి నిలబడ్డారు. ఒంటి మీద గోధుమరంగు కోటు. నారింజరంగు వేసుకోనిదే అడవిలో అడుగు పెట్టవద్దని తమ సంతకంతో అచ్చయిన కరపత్రం అప్పటికి మా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది.

"రెండు గంటల నుంచి నేను మాట్లాడుతున్నది నీతోనా?" అన్నారు తమరు.

"నాతోనే. నీ రెండో రంకె బాగుంది" అన్నాను.

ఇద్దరం కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాం. నా ఫ్లాస్కులో టీ పంచుకున్నాం. అప్పుడు తమరు, "ఈ సంగతి బయట అనకండి, మిస్టర్ హ్యాగర్టీ. ఆఫీసులో నన్ను బతకనివ్వరు" అన్నారు. సరేనన్నాను. మూడో రోజున తుపాకీ తనిఖీకి వచ్చారు. నా నోరు మూయించడానికి వచ్చారో, నిజంగా కొయ్య మీద నంబరు కోసమే వచ్చారో నాకు తెలియదు. పదకొండు నెలలు మాట నిలబెట్టుకున్నాను. పబ్బులో మూడో గ్లాసు తర్వాత కూడా నిలబెట్టుకున్నాను.

6. పై అంశంలో ఒక వాక్యం అబద్ధం. మొదటి రెండు అర్జీలు నోలీన్ టైపు చేసింది; ఈ అబద్ధం సంగతి ఆవిడ చేత టైపు చేయించడం ఇష్టం లేక దీన్ని నేనే చేత్తో రాస్తున్నాను.

నేను మనిషిని గుర్తుపట్టలేదు. ముందు కేకేయలేదు.

నలభై అడుగుల్లో ఫెర్న్ ఆకులు కదిలాయి. గోధుమరంగు కనబడింది. దాని మీద వంకరగా కొమ్ము కనబడింది. ఇప్పుడు తెలుసు, అది తమరు నోటి దగ్గర పెట్టుకున్న గొట్టం. రెండు గంటలు ఎదురుచూసిన మనసు అది పోతు అని తీర్మానం చేసేసింది. లేని కొమ్ముకు కొనలు కూడా లెక్కపెట్టాను. సేఫ్టీ తీశాను.

ఈ తుపాకీ ట్రిగ్గర్ రెండు అంచెలు. మొదటి లాగుడుకు ఒకచోట ఆగుతుంది, గుండు పేలడానికి రెండోది లాగాలి. భయపడిన సిపాయి తొందరపడకుండా పెట్టిన ఏర్పాటని మా నాన్న చెప్పేవాడు. నేను మొదటిది లాగేశాను. ఊపిరి బిగబట్టాను. అప్పుడు తమరు పైకి లేవబోతూ, "అబ్బా, మోకాలు" అన్నారు.

అంతే జరిగింది. మోకాలు నొప్పి లేకపోతే తమరు లేరు.

కొత్త తుపాకుల్లో ఆ మొదటి అంచె ఉండదు, కనుక సైనిక తుపాకీయే బాధ్యతాయుతమైనది అని వాదించవచ్చు. పదకొండు నెలలుగా ఆ వాదనే మనసులో తయారుచేసుకుంటూ వచ్చాను. చాలా బాగా వచ్చింది కూడా. కాని ఆ వేలు తుపాకీది కాదు, నాది. జంతువు మొత్తం కనబడేదాకా ట్రిగ్గర్ ముట్టవద్దని మా వేట క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకు పాతికేళ్ళుగా చెబుతున్నవాణ్ణి నేనే. ఆ రోజు టీ పోస్తూ, "నిన్ను ఎప్పుడో చూసేశానులే" అని తమతో చెప్పాను. ఇంటికెళ్ళి నోలీన్‌తోనూ అదే చెప్పాను. సిగ్గుగా ఉంది.

7. కావున నా ప్రార్థన ఒక్కటే. లేని రెండు తుపాకుల కారణంగా మా నాన్న తుపాకీని కోయించవద్దు. కోయించవలెనంటే, నా లైసెన్సు తీసివేయవలెనంటే, ఆరవ అంశం కారణంగా తీసివేయండి. ఫారంలో అందుకు గడి ఉండదని తెలుసు, పక్కన రాయండి. ఒకవేళ అది తెలిసి కూడా ఇవ్వదలచుకుంటే, ఇవ్వండి. నేను దానికి తగినవాణ్ణో కాదో చెప్పగల హక్కున్న మనిషి ఈ జిల్లాలో తమరొక్కరే.

నోలీన్‌కు నిన్న చెప్పాను. గిన్నెలు తుడిచింది. తుడిచినవే మళ్ళీ తుడిచింది. చివరికి, "అంతా రాసెయ్, మెర్వ్. పడవ ఏమీ వద్దు" అంది. తుడిచే గుడ్డ ఆరేస్తూ, "తుపాకీ వచ్చినా బోల్టు నీ చేతికిస్తానో లేదో నేనింకా అనుకోలేదు" అని కూడా అంది. ఆ విషయంలో తమకు ఏ అభ్యర్థనా లేదు. అది వేరే కార్యాలయం.

ఇదంతా చిత్తగించి, ఇటు గానీ అటు గానీ, నిజమైన కారణంతో తేల్చవలెనని వేడుకొంటూ,

తమ విధేయుడు,
మెర్విన్ హ్యాగర్టీ

తా.క.: గ్రేమ్, ఆ రోజు టీ తాగుతూ నీ ఆడపిల్లల పేర్లు చెప్పావు. బ్రిడీ, ఫిలిప్పా. నేను అడగలేదు, నువ్వే చెప్పావు. చిన్నదానికి ముందరి పళ్ళు రెండూ ఊడాయని, ఫోటోలో నోరు తెరవనంటోందని నవ్వావు. ఈ వారం నుంచి మా ఇంటి వెనక కొండ మీద మళ్ళీ రంకెలు మొదలయ్యాయి. విన్నప్పుడల్లా ఆ పిల్లే గుర్తొస్తోంది. తుపాకీ సంగతి నీ ఇష్టం వచ్చినట్టు తేల్చు, ఎన్నాళ్ళయినా తీసుకో. ఆ పళ్ళు వచ్చాయో లేదో మాత్రం ముందు ఒక ముక్క రాయి.