ఏ ఏరియాల దిగాలె?

క్రిస్టినా చెల్లె,

హైదరాబాద్ వస్తే మేం ఏ ఏరియాల దిగాలె? ఏండ్ల నుంచి నిన్ను ఇదే అడుగుతున్న. ఒకసారి అమీర్‌పేట అన్నవు, అన్నిటికీ దగ్గరట. నిజమే, నీ ఇంటికి తప్ప. ఇంకోసారి సికింద్రాబాద్ అన్నవు, స్టేషన్ పక్కనే అని. అంటే జల్ది వాపస్ పోవచ్చని. పట్నమంత చెప్పినవు గని, నువ్వుండే కొండాపూర్ పేరు మాత్రం నీ నోట్లకెళ్లి రాలే.

నీ కొత్తింటి ప్రార్థన నాడు మీ ఆఫీసాయన బాపును "ఎక్కడ దిగిండ్రు సార్?" అని అడిగిండు. బాపుకు దిగుడంటే గనిలకు దిగుడే. "రెండో నంబర్ గనిల, రిటైరయ్యేదాక దిగిన" అని రొమ్ము విరుచుకొని చెప్పిండు. అందరు నవ్విండ్రు. నువ్వు నవ్వలే, ప్లేట్లు తీసుకొని వంటింట్లకు పోయినవు. నువ్వు మాకు చెప్పే లాడ్జీల పేర్లు అప్పటిసంది ఎక్కువైనయి. నేనే ఉత్తగ అనుమానపడుతున్ననేమో.

సోమవారం బాపు కంటి ఆపరేషన్‌కు వస్తున్నం. "చిన్నబిడ్డ ఇంట్ల లిఫ్టు ఉన్నదా?" అని సంచి సదురుకుంట అడుగుతున్నడు. లాడ్జి అని చెప్పి ఆయన మనసు విరగ్గొట్టాల్నో, చెప్పకుండ తెచ్చి నీ తలుపు కొట్టాల్నో, నాకింక తేలుతలేదు.

నీ అక్క