అక్క తప్పు పట్టని జత

జూన్ 2

ప్రియమైన అక్కకి,

ఉత్తరం బూట్ల పెట్టెలోనే పెట్టాను కాబట్టి, ఇది చదివేలోపు నువ్వు బూట్లు చూసి ఏదో ఒకటి అనేసి ఉంటావు. ఆ అన్నదేదో కాగితం మీద పెట్టు. ఫోనులో నువ్వు తిడుతుంటే నేను ఊకొట్టి మర్చిపోతానని నీ ఫిర్యాదు కదా, అందుకే ఫోను చెయ్యలేదు.

సంగతేమిటంటే, ఇవి నావి. ఇరవై రెండేళ్లుగా ఈ ఫ్యాక్టరీ శాంపిల్ రూములో కూర్చుని వేరేవాళ్లు గీసిన బూట్లు కుట్టాను. ఈ జత మాత్రం మొదటి గీత నుంచి నాది. రోడ్డు మీద మూడు నాలుగు కిలోమీటర్లు పరిగెత్తే వాళ్ల కోసం చేశాను. ఒక్కోటి నూట తొంభై గ్రాములు. పరుగయ్యాక అవే బూట్లతో పనికి వెళ్లినా ముచ్చటగా ఉండాలని కాస్త సోకు కూడా పెట్టాను.

మొత్తం ఆరుగురికి పంపుతున్నాం. పది రోజులు, రోజుకి మూడు కిలోమీటర్లు, తారు రోడ్డు మీద పరిగెత్తాలి. తర్వాత పెట్టెలో ఉన్న ఫారం నింపి పంపాలి. ఆరు రిపోర్టులూ నిలబడితే నెలాఖరున పెద్దవాళ్లు దీన్ని తయారీకి పంపుతారు. ఒక్కటి నమ్మలేనిదని తేలినా పక్కన పెట్టేస్తారు. వచ్చే ఏడాది నుంచి బూట్లు గీసే పని బయటివాళ్లకి ఇస్తారట. అంటే నాకిది మొదటి అవకాశం, చివరిదీ ఇదే.

నువ్వు మెచ్చుకుంటావని పంపడం లేదు. నువ్వు డ్రిల్లు టీచరుగా చేరిన ఏడాదే, పరుగు పందెంలో సొంత తమ్ముడు మలుపు దగ్గర గీత దాటి అడ్డదారి పట్టాడని స్కూలంతా చూస్తుండగా విజిలేసి బయటికి పంపిన మనిషివి. నీ రిపోర్టంటే నాకు భయం. ఆ భయమే కావాలి ఇప్పుడు.

నీ తమ్ముడు


జూన్ 7

ప్రియమైన సోకులరాయుడికి,

పెట్టె మూత తీయగానే, ఇవి పక్కింటి కాలేజీ పిల్లకి రావలసినవేమో అనుకున్నాను. బూడిద రంగు మీద నారింజ అంచు. నా వయసుకి ఇదేం వేషం అని స్టాఫ్ రూములో అంటారేమో అని చూశాను గాని ఎవరూ అనలేదు. లెక్కల టీచరు ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇందులో అట్టముక్క తప్ప ఏమీ లేదేమో మేడం" అంది. అంత తేలిక.

లేసులు నువ్వే కట్టి పంపావు కదూ. ముడి చూడగానే తెలిసింది. నీది ఎడమచేతి వాటమని తెలియక ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పాను. అద్దంలో చూసినట్టు తిరగబడి నేర్చుకున్నావు. ఊడిపోతుందని భయమేసి రెండో చుట్టు కూడా తిప్పడం మొదలుపెట్టావు. అలాంటి ముడి వేసేవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఇక పని మాట. నాలుగు రోజులు పరిగెత్తాను. తడి రోడ్డు మీద పట్టు బాగుంది. గట్టిగా మలుపు తిరిగితే మడమ కాస్త జారుతోంది. లేసుల కింది నాలుక ఒక పక్కకి ఒరిగిపోతోంది, దాన్ని అక్కడే ఉండమని రెండు కుట్లు వెయ్యి. లేసులు మరీ పొడుగు. నిన్న కావాలని ఐదు కిలోమీటర్లు వెళ్లాను. నాలుగు దాటాక అడుగు అట్ట పల్చనని మోకాళ్లు చెప్పేశాయి. కాబట్టి "తక్కువ దూరాలకి మాత్రమే" అని పెట్టె మీద పెద్దక్షరాలతో వెయ్యండి, సిగ్గుపడకండి. ఆ తక్కువ దూరంలో మాత్రం ఎగిరినట్టే ఉందిరా.

మా హెడ్మాస్టరుకి నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టాలని ఉంది. యాభై నాలుగేళ్ల మనిషికి డ్రిల్లేమిటని ఆయన బాధ. ఈ మధ్య పొద్దున్నే ఆయన నడకకి వెళ్లే దారినే ఎంచుకుని, ఆయన్ని దాటుకుంటూ పరిగెడుతున్నాను. నీ నారింజ అంచు ఆయన కంట్లో పడాలి కదా. ఆ విజిల్ నా మెడలోంచి తీస్తే నేనింకేం మనిషినో నాకు తెలియదు.

మతిమరుపు మాత్రం వచ్చేసిందిరా. మొన్న బజారులో ఎడమ చెప్పు ఎక్కడో జారిపోయింది. వెనక నుంచి ఒకామె పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టేదాకా నాకు తెలియనే లేదు. ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

అక్షింతలు మిగిలినవి వచ్చే ఉత్తరంలో,
అక్క


జూన్ 10

ప్రియమైన అక్కకి,

నాలుక గురించి నువ్వన్నది శాంపిల్ రూములో అందరికీ చదివి వినిపించాను. కొత్త జతకి అప్పుడే కుట్లు వేశాం. మడమ సంగతీ చూస్తున్నాను.

వేళ్ల దగ్గర ఎలా ఉందో రాయలేదు. ముఖ్యంగా ఎడమ బూటు. ఫారంలో ఆ గడి ఒకటుంటుంది, దాన్ని తొందరపడి నింపకు. ఇంకొక్కసారి నిదానంగా పరిగెత్తి చూసి రాయి. ఇంతకంటే నేను అడగకూడదు.

తమ్ముడు


జూన్ 14

ప్రియమైన తమ్ముడికి,

ఫారం నింపి ఇందులో పెట్టాను. పది రోజులకి పది రోజులూ పరిగెత్తాను, ఒక రోజు వానలో కూడా.

ఎడమ బూటు, ఎడమ బూటు అని ప్రాణం తీశావు కాబట్టి దాని కోసమే ఒక రోజు ఎక్కువ పరిగెత్తాను. ఒరుసుకోవడం లేదు, గుచ్చుకోవడం లేదు, బిగుతు లేదు. నిజం చెప్పనా, కుడిదాని కంటే ఎడమదే సుఖంగా ఉంది. వేసుకున్న సంగతే తెలియదు. ఫారంలోనూ అదే రాశాను.

నా చేతిలో ఎన్ని బూట్లు తిట్లు తిన్నాయో నీకు తెలుసు. మడమ, నాలుక, లేసులు సర్దుకుంటే, ఇందులో నేను పట్టే తప్పంటూ లేదు. ఈ మాట రాస్తుంటే నా చెయ్యే ఆశ్చర్యపోతోంది. గుడ్డముక్కలు కత్తిరించి బొమ్మలకి చెప్పులు కుట్టిన వెధవ్వి, ఇంత పని నేర్చుకున్నావు. అమ్మ ఉంటే ఈ జత దిండు పక్కన పెట్టుకుని పడుకునేది. నాకు చాలా గర్వంగా ఉందిరా.

నీ అక్క


జూన్ 27

అక్కకి,

నిన్న పెద్దవాళ్ల ముందు రిపోర్టులు విప్పారు.

నీకు చెప్పకూడని మాట ఒకటుంది, ఇప్పుడు చెప్పొచ్చు. ప్రతి పరీక్షలోనూ ఆరు జతల్లో ఒకదానికి కావాలనే ఒక తప్పు పెడతారు. దాన్ని మేం దొంగ జత అంటాం. అది అందుకున్నవాళ్లు తప్పు పట్టుకుంటే వాళ్ల రిపోర్టు మిగతా వాటికంటే గట్టిదని లెక్క. పట్టుకోకపోతే వాళ్లు పరిగెత్తకుండా ఇంట్లో కూర్చుని ఫారం నింపారని అర్థం. తప్పు ఎవరు పెడతారో, ఏ జత ఎవరికి వెళ్తుందో నాకు తెలియదు. ఈసారి అది నీకు వచ్చింది.

ఎడమ బూటు లోపల, చిటికెన వేలి కిందకి వచ్చే చోట, గట్టి దారంతో బియ్యపు గింజంత ముడి ఉంది. వంద అడుగులు వేస్తే ఎవరికైనా ప్రాణం పోయినంత పనవుతుంది. నువ్వు పదకొండు రోజులు పరిగెత్తానని రాశావు. కుడిదాని కంటే ఎడమదే సుఖంగా ఉందని రాశావు. ఇన్‌స్పెక్షన్ మేడం ఆ వాక్యం పైకి చదివింది. గదిలో ఎవరో నవ్వారు. ఆవిడ నీకూ నాకూ ఉన్న చుట్టరికం కనుక్కుంది. నా బూటు పక్కన పెట్టేశారు.

నువ్వు పరిగెత్తలేదు. మొదటి నాలుగు రోజులేమో గాని, తర్వాత పరిగెత్తలేదు. తమ్ముడి పని గట్టెక్కాలని కుర్చీలో కూర్చుని మంచి మాటలు రాశావు. నాకు మంచి మాటలు కావాలంటే వేరే చోట దొరుకుతాయి. నీ దగ్గర నేనడిగింది నిజం. పదేళ్లవాణ్ణి, అడ్డదారి పట్టినందుకు స్కూలు ముందు నిలబెట్టావు. మరి ఇప్పుడు నిన్నెవరు నిలబెట్టాలి?

ఇంకేం రాయను.


జూలై 20

అక్కా,

మూడు వారాలు దాటింది. ఫోను ఎత్తడం లేదు. స్కూలుకి చేస్తే సెలవులో ఉన్నారని మాత్రం చెప్పారు. నా మీద కోపంతో ఉంటావు. ఉండు. కాని బతికే ఉన్నానని ఒక్క ముక్క రాయి.

నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. రెండుసార్లు రాసి చించేశాను.

తమ్ముడు


ఆగస్టు 9

ప్రియమైన తమ్ముడికి,

బతికే ఉన్నాను. నీ ఉత్తరాలు రెండూ దిండు కింద ఉన్నాయి. ఈ దిండు ఆసుపత్రిది. ఎల్లుండి ఇంటికి పంపుతారు. నీకు చెప్పొద్దని స్కూల్లో అందరి చేతా ఒట్టు వేయించుకున్నాను, వాళ్లనేమీ అనకు.

నువ్వు కోపంగా రాసిన ఉత్తరం వచ్చిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. నేను పరిగెత్తలేదంటాడా వీడు, ఆ ముడేదో చూసి మొహాన కొడతాను అనుకుని ఎడమ బూటులో చెయ్యి పెట్టాను. ముడి ఉంది. దాని చుట్టూ లోపలి గుడ్డ గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంది. వేళ్లు బయటికి తీసి చూస్తే గోళ్లలో నల్లటి పొట్టు. కుర్చీలో కూర్చుని సాక్సు తీసి, పాదం తిప్పి చూసుకున్నాను. స్కూలు సాక్సులు నల్లవి, వాటి మీద ఏ మరకా కనిపించదు. చిటికెన వేలి కింద గుంట పడింది. అందులోకి చూస్తున్నా, వేలితో ముట్టుకున్నా, నొప్పి లేదురా. నాకు భయం వేసింది దానికే.

డాక్టరు కళ్లు మూసుకోమని, "గుచ్చినప్పుడల్లా చెప్పండి" అన్నాడు. ఇంకా మొదలుపెట్టలేదేమో అని బుద్ధిగా కూర్చున్నాను. చాలాసేపయ్యాక కళ్లు తెరవమన్నాడు. అప్పటికి పది చోట్ల గుచ్చాడట.

నాకు షుగరు ఉందని నాలుగేళ్లుగా తెలుసు. నీకు చెప్పలేదు. చలికాలం నుంచి వేళ్ల దగ్గర ఏదో దూది చుట్టినట్టుండేది. ఒకసారి బకెట్లో పొగలు కక్కుతున్న నీళ్లలో ఎడమ కాలు పెట్టి, చేత్తో తాకాక గాని తీయలేదు. చెప్పు జారితే మతిమరుపని నవ్వుతూ నీకు రాశాను చూడు, నవ్వు ఎంత వచ్చిందో నాకు తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్తే పరుగు మానమంటాడు, హెడ్మాస్టరు విజిల్ తీసుకుంటాడు. అందుకని వెళ్లలేదు. కుర్చీలో కూర్చుని అబద్ధాలు రాశానన్నావు. పదకొండు రోజులూ పరిగెత్తాను. ఎడమది సుఖంగా ఉందని నేను రాసింది నాకు తెలిసిన నిజం. నేను దాచింది వేరే.

చిటికెన వేలు తీసేశారు. పాదం దక్కింది. విజిల్ నేనే హెడ్మాస్టరు చేతిలో పెట్టాను. ఆయన పాపం ఏడ్చాడు. నేను ఆయన వెళ్లాక ఏడ్చాను.

నీ ఇన్‌స్పెక్షన్ మేడంకి నా రిపోర్టులో ఒక గడి దిద్దమని చెప్పు. ఎడమ బూటు, వేళ్ల దగ్గర: చెప్పే అర్హత నాకు లేదు. మిగతావన్నీ అలాగే ఉంచమను, అవి కళ్లతో, మోకాళ్లతో చూసి రాసినవి. అట్ట అరిగిన తీరు చూస్తే ఎంత దూరం పరిగెత్తానో ఆవిడకే తెలుస్తుంది. బూటు బయటికి వస్తుందో రాదో నాకు తెలియదు. నాకు మాత్రం అది మంచి బూటే.

ఇక ముడి సంగతి. లెక్కల టీచరు చేత ఆ బూటు ఇక్కడికి తెప్పించుకున్నాను. పనేమీ లేదు కదా, మంచం మీద పడుకుని రోజూ వేలితో తడుముతున్నాను. తిరగబడి ఉంది. రెండు చుట్లు ఉన్నాయి. ఎవరు పెడతారో నాకు తెలియదని రాశావు.

నా జతలో తప్పు నువ్వే పెట్టావు. అక్క వంద అడుగుల్లో పట్టుకుంటుంది, ఇల్లు లేచిపోయేలా తిడుతుంది, ఆమె రిపోర్టు అందరిలోకీ గట్టిదవుతుంది, నీ బూటు గట్టెక్కుతుంది. అంతే కదూ? మలుపు దగ్గర మళ్లీ గీత దాటావు. రెండుసార్లు రాసి చించేసిన మాట ఇదే అయితే మూడోసారి రాయకు. తెలిసిపోయింది.

ఇది తలుచుకుని నువ్వు తిండి మానేస్తావని నాకు తెలుసు, అందుకే ఇంకో మాట. ఈ ముడి లేకపోతే నీ కోపపు ఉత్తరం వచ్చేది కాదు, నేను పాదం తిప్పి చూసుకునేదాన్ని కాదు. ఏ రోజో ఏ గాజుముక్కో దిగితే దాని మీదే నెల రోజులు పరిగెత్తేదాన్ని. అప్పుడు వేలితో పోయేది కాదని డాక్టరు అన్నాడు. అలాగని నీకు కృతజ్ఞతలు చెప్పను. వేలు నాది. నీ మీద కోపం ఉంది, ఇంకొన్నాళ్లు ఉంటుంది. నువ్వు రాకపోతే ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది.

ఆదివారం రా. సన్న కత్తెర, సూది తెచ్చుకో. ముడి నేను విప్పలేదు, ఎవర్నీ విప్పనివ్వలేదు. చిన్నప్పుడు కూర్చున్నట్టే నా ఎదురుగా కింద కూర్చుని నువ్వే విప్పు. విప్పాక బూటు లోపలంతా చెయ్యి పెట్టి తడిమి, ఏమీ లేదక్కా అని చెప్పు. కొన్నాళ్లకి నడవనిస్తారట, పరుగు మాట తర్వాత. ఏది వేసుకున్నా ముందు ఎవరో ఒకరు లోపల చెయ్యి పెట్టి చూడాలట. నా కాళ్లు చెప్పేది నేనింక నమ్మలేను. నీ చెయ్యి చెబితే నమ్ముతాను.

ఎదురుచూస్తూ,
నీ అక్క