ఒకే సప్లై, ఒకే ఇన్‌పుట్

శనివారం, ఉదయం

పార్సిలు వచ్చింది. డిజిటల్ ఆంప్లిఫయర్. అరచేతిలో పెట్టుకుంటే వేళ్లకు ఇంకా చోటు మిగిలింది. ఇంత చిట్టి పలక రెండు స్పీకర్లను గట్టిగా వాయించగలదట. నమ్మబుద్ధి కావడం లేదు, నమ్మకుండా ఉండబుద్ధీ కావడం లేదు.

ఎందుకు తెప్పించానో రాసుకోవాలి. మా ఆవిడకు పోయినేడు మోకాలి ఆపరేషన్ అయింది. కాలు కదుపుతూ ఉండమన్నారు. మొదట హాల్లో తనొక్కతే పాట పెట్టుకుని కదిలింది. తర్వాత మా అత్తగారు చేరారు. తర్వాత కింది ఇంటి టైలరమ్మ, ఆమె వెనక మరికొందరు. ఇప్పుడదొక డాన్సు బృందం. ఫోన్‌ను స్టీలు గిన్నెలో పెట్టి, ఆ గిన్నెలోంచి వచ్చే పాటకు ఆడుతున్నారు. వచ్చే ఆదివారం సాయంత్రం మా అపార్టుమెంటు కింది హాల్లో వాళ్ల మొదటి ప్రదర్శన.

బావమరిదికి మైకుసెట్ల దుకాణం ఉంది. "అక్కా, మన సెట్టు పెట్టేస్తాలే" అన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. "అక్కర్లేదు, నేనే తయారుచేస్తున్నాను" అన్నాను. మా ఆవిడ నా వంక చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు.

అందుకే ఈ నిర్ణయం. కరెంటిచ్చే సప్లై ఒకటి. పాట లోపలికి వెళ్లే దారి, అంటే ఇన్‌పుట్, ఒకటి. రెండూ ఎంచుకోవడం, డబ్బాలో పెట్టడం, మూత బిగించడం. మళ్లీ విప్పేది లేదు.

కళ్లద్దాల షాపులో కళ్ల పరీక్ష చేస్తాను నేను. "ఇది స్పష్టంగా ఉందా, ఇంతకు ముందుది స్పష్టంగా ఉందా?" అని రోజంతా జనంతో తేల్పిస్తాను. నాకు తేల్చుకోవడం ఒక లెక్కా?

శనివారం, మధ్యాహ్నం

పన్నెండు వోల్టుల నుంచి ఇరవై నాలుగు వోల్టుల దాకా ఏదైనా పనికొస్తుందని కాగితంలో ఉంది. ఇంట్లో వైఫై డబ్బాకున్న అడాప్టరు పన్నెండు. ఊడబీకి తగిలించాను. పాత స్పీకర్లు కలిపాను. ఫోన్ నుంచి వైరు.

పాట వచ్చింది. మా ఆవిడ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చి రెండు అడుగులు వేసింది. అత్తగారు కుర్చీలోంచే చేతులు తిప్పారు. నేను కూడా తిరిగాను. డైరీ కాబట్టి ఒప్పుకుంటున్నాను.

లోపలి గదిలోంచి అమ్మాయి గొంతు: "నాన్నా, నెట్ ఎందుకు పోయింది?"

అడాప్టరు దాని చోటికి అది వెళ్లిపోయింది.

ఆదివారం

అమ్మాయి లాప్‌టాప్ చార్జరు. పంతొమ్మిది వోల్టులు. అడాప్టరుతో వినిపించని ఢోలు దీనితో గుండెకు తగిలింది. కిటికీ అద్దం కూడా తాళం వేసింది. తేలిపోయింది. సప్లై ఇదే. ఇన్‌పుట్ వైరు. ఎంత తేలిక.

"మరి నా చార్జరు?" అంది అమ్మాయి.

"వారం రోజులు చెల్లితో పంచుకుంటున్నాననుకో."

"నాకు చెల్లి లేదు కదా."

"ఇప్పుడుంది" అని ఆంప్లిఫయర్ చూపించాను. నవ్వలేదు. ఈ తరానికి హాస్యం తక్కువ.

సాయంత్రం మా ఆవిడ వచ్చి, "ఏమండీ, ఈ వైరు మూరెడే ఉందే. పాట మార్చాలంటే నేను డాన్సు ఆపి ఇక్కడికి రావాలా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. బ్లూటూత్ పెట్టాలి. ఇది రెండో ఇన్‌పుట్ అవుతుందా? గాల్లో వచ్చేదాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. నిర్ణయం చెక్కుచెదరలేదు.

సోమవారం

షాపులో ఒక పెద్దాయనకు కళ్లు పరీక్షిస్తున్నాను. "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అన్నాను. ఆయన చాలాసేపు చూసి, "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అన్నారు. నిజమే. నేను అద్దం మార్చలేదు. పంతొమ్మిది ఇంత బాగుంటే ఇరవై నాలుగు ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను.

ఇరవై నాలుగు వోల్టుల సప్లై ఆర్డరు పెట్టాను. ఆశతో కాదు. అమ్మాయి శనివారం కాలేజీ పని మీద స్నేహితురాలి ఊరికి వెళ్తుంది, చార్జరు పట్టుకుపోతుంది. కాబట్టి ఇది అవసరం. అవసరాన్ని ఆశ అనకూడదు.

ఇంటికి రాగానే అత్తగారు దగ్గరకు వచ్చారు. "నాయనా, నా రేడియో కూడా అందులో పెడతావా? చెవికి ఆనించుకుని చెయ్యి లాగేస్తోంది."

అత్తగారు నన్నేదైనా అడగడం అరుదు. కాదనే అల్లుడు ఎక్కడైనా ఉంటే చూపించండి. మూడో ఇన్‌పుట్.

బుధవారం

సప్లై వచ్చింది. ఆంప్లిఫయర్‌కి నాలుగింతలుంది. ఇనప డబ్బా, లోపల ఫ్యాను. చిట్టి ఆంప్లిఫయర్ దాని పక్కన ఏనుగు పక్కన ఎలుకలా ఉంది.

కానీ ఆ ధ్వని. నేను మంచం మీద కూర్చుని వింటూ కళ్లు మూసుకున్నాను. పాటలో వాయించేవాడి వేళ్లు కనబడ్డాయి. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చెవి రిక్కించింది.

"బాగుంది. కానీ వెనకాల ఎవరో గురక పెడుతున్నారు."

"ఫ్యాను."

"నెమ్మదిగా సాగే పాటలో అదే వినబడుతోందండీ."

"దానికో ఉపాయం చేస్తాను."

"ఉపాయం వద్దు. పాట చాలు" అని వెళ్లిపోయింది.

ఫ్యాను రెక్కల ముందు దూది కుక్కి, పైన టేపు వేశాను. గురక ఆగింది. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

గురువారం

టీవీ సంగతి ఎలా మరిచిపోయాను? టీవీ వెనకాల ధ్వని వెలుతురుగా బయటికొచ్చే రంధ్రం ఉంది. వెలుతురుతో రోజంతా పనిచేసే నేను దాన్ని వదిలేస్తే ఎలా? ఆ వెలుతురును మామూలు ధ్వనిగా మార్చడానికి ఇంకో చిన్న డబ్బా కావాలి. ఆ డబ్బాకు వేరే సప్లై కావాలి. ఇన్ని దారుల్లో దేన్ని తెరవాలో తిప్పుకోవడానికి ఒక నాబ్ కావాలి. డబ్బాకు రంధ్రాలు వేశాను. జల్లెడలా ఉంది.

సాయంత్రం బావమరిది వచ్చాడు. ఎగతాళి చేస్తాడని ఒళ్లు బిగబట్టుకున్నాను. అతను డబ్బా ముందు బాసింపట్టు వేసి కూర్చున్నాడు. నాబ్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"బావా."

"చెప్పు."

"మైకు పెట్టవా?"

డ్రిల్లు అతనే అందుకున్నాడు. నేను డబ్బా పట్టుకున్నాను. ఇద్దరం చిన్నపిల్లల్లా ఒకరి చేతిలోంచి ఒకరం స్క్రూడ్రైవరు లాక్కున్నాం. మా ఆవిడ వచ్చి చూసింది.

"నువ్వు ఈయన్ని బాగుచేస్తావనుకున్నాను. మీరు వీణ్ణి పాడుచేశారు" అంది. ముందు మాట తమ్ముడితో, రెండోది నాతో. "రేపు రిహార్సల్. పాట వినబడుతుందా లేదా? అది చెప్పండి."

"ఐదు రకాలుగా వినబడుతుంది" అన్నాడు బావమరిది.

శుక్రవారం

రిహార్సల్. కింది హాలు. అందరూ వరసల్లో నిలబడ్డారు. బ్లూటూత్‌లో పాట మొదలైంది. అద్భుతం. సగంలో పాట ఆగి, స్పీకర్లలోంచి మగగొంతు వచ్చింది.

"ఆ టైలరమ్మకు కేసు ఓడిపోతామని ఇప్పుడే చెప్పకు. నెమ్మదిగా చూద్దాం."

అది పై ఇంటి లాయరుగారి గొంతు. టైలరమ్మ కేసు చూసేది ఆయనే. నిన్న ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు సరదాగా ఆయన ఫోన్‌ను కలిపి చూపించాను. అది గుర్తుపెట్టుకుని తనంతట తానే కలిసిపోయింది. జూనియర్‌కు వాయిస్ మెసేజ్‌గా పంపిన మాటలను ఆయన మేడ మీద కూర్చుని మళ్లీ వింటున్నారట.

బృందం ఆ మాటలకు కూడా అడుగులు తప్పకుండా ఆడింది, రెండో వరసలో ఒక్కరు తప్ప. టైలరమ్మ ఆగిపోయింది. గబగబా మెట్లెక్కింది. కాసేపటికి లాయరుగారి తలుపు, ఆపైన ఆమె గొంతు వినిపించాయి. వాటికి స్పీకర్ల అవసరం లేకపోయింది.

ఆమె తిరిగొచ్చి తన చోట నిలబడి, "వాయిదా కోరతారంట. పాట మొదటి నుంచి పెట్టండి" అంది.

శనివారం

అమ్మాయి పొద్దున్నే చార్జరుతో సహా ఊరికి వెళ్లింది. పర్వాలేదు, ఇరవై నాలుగు ఉంది కదా అనుకున్నాను.

మధ్యాహ్నం అన్ని ఇన్‌పుట్లూ వరసగా పరీక్షిస్తున్నాం, నేనూ బావమరిదీ. రేడియో, టీవీ, మైకు. అతను మైకులో "హలో, హలో" అంటున్నాడు. మూడో హలో బయటికి రాలేదు. మాడిన వాసన వచ్చింది. దూది.

గాలాడక సప్లై ఉడికిపోయింది. చల్లారాక మళ్లీ పెట్టి చూశాం. చలనం లేదు.

"నీ సెట్టు తెచ్చెయ్యి" అన్నాను.

అతను తల దించుకున్నాడు. "నువ్వు అక్కర్లేదన్నావు కదా బావా. పెళ్లి వాళ్లకు ఇచ్చేశాను. రేపు రాత్రికి గాని రాదు."

మా ఆవిడకు చెప్పాను. అరుస్తుందనుకున్నాను. రేపటి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీపెట్టె ఆపి, మోకాలు రుద్దుకుని, మళ్లీ ఇస్త్రీ చేసింది. అరిచినా బాగుండేది.

మిగిలింది వైఫై అడాప్టరు.

ఆదివారం

హాలు నిండింది. వెనక గోడకు ఆనుకుని కూడా జనం. ఒక అడాప్టరు, ఒక వైరు. వైరు చివర నేను, నా చేతిలో ఫోన్.

మొదటి పాట మెత్తనిది. నడిచింది. రెండోది ఢోలు పాట. మొదటి దెబ్బ పడింది. ఆంప్లిఫయర్ ఆరిపోయింది. అంత ఢోలును మోసే సత్తువ ఆ చిన్న అడాప్టరుకు లేదు. ఒక్క ఊపిరి సేపు ఆగి మళ్లీ వెలిగింది. పాట, దెబ్బ, నిశ్శబ్దం.

హాల్లో ఎవరో దగ్గారు. నేను ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాను. తలెత్తి మా ఆవిడను చూసే ధైర్యం లేదు.

అప్పుడు ధన్ మని నేల అదిరింది. చూశాను. ఆపరేషన్ అయిన కాలు. మా ఆవిడ ఆ కాలితోనే తాళం వేసింది. అత్తగారు ఆ వెనకే చప్పట్లు అందుకున్నారు. టైలరమ్మ "హా" అంది. ఈసారి పాట ఆరిపోయినప్పుడు అందరి కాళ్లూ ఒకేసారి పడ్డాయి. పాట తిరిగొస్తే దాంతో కలిశారు. పోతే వాళ్లే పాటయ్యారు. కాసేపటికి జనం కూడా ఎక్కడ పోతుందో పసిగట్టి, చేతులెత్తి సిద్ధంగా ఉన్నారు. లాయరుగారు కుర్చీ మీద దరువేస్తున్నారు, టైలరమ్మ వైపు మాత్రం చూడకుండా.

బావమరిది నా చెవి దగ్గరకు వచ్చాడు. "ఆ ఆపడం ఎలా చేస్తున్నావు బావా? ఏ నాబ్‌తో?"

నేను అడాప్టరు వైపు వేలు చూపించాను.

అయిపోయాక మా ఆవిడ చెమటతో తడిసి వచ్చి నా పక్కన కూలబడింది.

"కాలు?" అన్నాను.

"నాకు కాలుందన్న సంగతే మరిచిపోయానండీ" అంది. పోయినేటి నుంచి ఈ మాట కోసం నేనెంత ఎదురుచూశానో ఈ మాట విన్నాకే తెలిసింది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పక్క వీధి ఆసుపత్రి నర్సులు వాళ్ల హాల్లో ఆడమన్నారు. ఈ అడాప్టరే కావాలి. పెద్దది పెట్టారంటే ఊరుకోను. మా స్టెప్పులన్నీ పోతాయి."

సోమవారం

కొత్త నిర్ణయం. సప్లై ఒకటి, వైఫై అడాప్టరు. ఇన్‌పుట్ ఒకటి, వైరు. వైఫై డబ్బాకు వేరే అడాప్టరు కొనిచ్చి అమ్మాయితో సంధి చేసుకున్నాను. పాత డబ్బా తీసేశాను. కొత్తది తెచ్చాను, చిన్నది, నున్ననిది. మూత బిగించేశాను. ఈసారి ఖాయం.

షాపుకు ఆసుపత్రి పెద్ద నర్సు అద్దాలకు వచ్చింది. పరీక్షంతా అయ్యాక, "మా దగ్గర మంచి పాటల క్యాసెట్లు చాలా ఉన్నాయండీ. టేపురికార్డరు కూడా కలపొచ్చా మీ దానికి?" అని అడిగింది.

"కుదరదమ్మా. ఒకే ఇన్‌పుట్" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ఆవిడ కొత్త అద్దాలు సర్దుకుని నన్ను మరోసారి చూసింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మా ఆవిడ మెచ్చుకుంది. ఆమె అటు వెళ్లగానే మూత విప్పి వెనక వైపు ఒక రంధ్రం వేశాను. గాలాడాలి కదా.

సరిగ్గా టేపురికార్డరు వైరు పట్టేంత గాలి.