భిక్షం మరణ కారణం, నా ఆస్తి పంపకం

1998 మార్చి నెలలో, యూసుఫ్‌గూడలో ఒక రేకుల ఇంటి ముందు నిలబడి, దేవమ్మకు నేనొక మాట ఇచ్చాను. ఆమె భర్త, మా తోటమాలి భిక్షం, తాగి చచ్చాడని ఆస్పత్రి కాగితంలో రాశారు. ఆ అబద్ధాన్ని వారం తిరగకుండా కొట్టేయిస్తానన్నాను. తొమ్మిదేళ్లయింది. అబద్ధం అలాగే ఉంది. ఈ వీలునామా రాస్తున్నది ముందుగా అందుకు. ఆస్తి సంగతి ఆ తరువాత.

నేను, జూబ్లీహిల్స్‌లో ఫిల్మ్‌నగర్ వైపు వాలులో కాపురముంటున్న వీరరాఘవయ్యను, వయసు డెబ్బై ఆరు, వృత్తి సినిమాలకు మాటలు రాయడం (ఇప్పుడెవరూ రాయించుకోవడం లేదు), పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఇది రాస్తున్నాను. ముసలాడికి మతి తప్పిందని వాదించదలచినవారి కోసం డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. పోయింది మోకాళ్లు, మతి కాదు. ఇందులోని ఆస్తి అంతా నా స్వార్జితం. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత వకీలు తిరుమలేశ్‌కు అప్పగిస్తున్నాను. నా ఒక్కగానొక్క కొడుకు శ్రీకృష్ణకు ఇవ్వలేదు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్న అతను ఈ సంగతి ఎత్తినప్పుడల్లా, “పాత మ్యాటర్ నాన్నా, లీగల్‌గా ఇష్యూ అవుతుంది, వదిలెయ్యండి” అన్నాడు. నేను వదలలేదు.

2. తోట గురించి. మద్రాసు నుంచి వచ్చి ఈ బండల మీద ఇల్లు కట్టినప్పుడు లారీలతో ఎర్రమట్టి తోలించి తోట వేశాను. పాటల షూటింగులకు కిరాయికిచ్చాను. కెమెరాకు ఆకు మీద చిల్లు కనపడకూడదు. గడ్డి మీద పడుకున్న హీరోయిన్‌ను చీమ కుట్టకూడదు. అందుకని భిక్షం పద్నాలుగేళ్లు వీపున పంపు కట్టుకొని చల్లాడు. చల్లినదాన్ని అందరూ మందు అంటారు. అలా అంటే చెట్టుకేదో వైద్యం చేస్తున్నట్టుంటుంది. నేను విషం అనే రాస్తాను.

డబ్బా మీద ఎర్ర త్రికోణం, పుర్రె బొమ్మ, కింద చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. భిక్షానికి చదువు రాదు. నాలుగు బీరువాల పుస్తకాలు చదివిన నేను ఆ ఒక్క కాగితం చదవలేదు. చేతులకు తొడుగుల్లేవు, ముక్కుకు పాత తువ్వాలు. అతని వేళ్లు వణికేవి. వయసనుకున్నాను. అతనికి నలభై రెండేళ్లు.

మొదట తేనెటీగలు రావడం మానేశాయి. తరువాత కప్పలు. ఒక ఉదయం, విషం తిన్న పురుగుల్ని ఏరుకున్న గోరింకలు పదకొండు గడ్డిలో వెల్లకిలా పడి ఉన్నాయి. భిక్షం వాటిని బుట్టలోకెత్తి, “పాపం తగుల్తది సారూ, జర ఆపుదమా?” అన్నాడు. ఈ షెడ్యూలు కానీ, చూద్దాం అన్నాను. ఆ తోటలోని కరివేపాకే మేము పులుసులో వేసుకున్నాం. మా ఆవిడ శ్యామలాదేవి జడలో పెట్టుకున్నవి ఆ తోట మల్లెలే.

3. ఆ రోజు గురించి. నా భార్య తమ్ముడు త్రినాథరావు తీస్తున్న సినిమాకు మా తోటలో పాట. చామంతుల మీద పురుగులు ముసురుతున్నాయని, ఉదయం చల్లిన విషాన్నే మిట్టమధ్యాహ్నం, ఎదురుగాలిలో, రెండింతలు చిక్కగా మళ్లీ చల్లించాడు. నేను ఏసీ గదిలో ఆ సినిమాకే హాస్యం రాస్తున్నాను. మూడింటికి భిక్షం కుళాయి దగ్గర కూలిపోయాడు. త్రినాథరావు తన కారులో అతన్నీ దేవమ్మనూ ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

ఏమైందని డాక్టరు అడిగాడు. దేవమ్మ, తోటపని చేసేవాళ్లు చెప్పుకునే తీరులోనే చెప్పింది: “మా ఆయన పొద్దుగాల్నుంచి మందు కొట్టిండు సారూ, జర సూడుండ్రి.”

డాక్టరు నవ్వాడు. “పొద్దున్నుంచే మొదలెట్టాడా? మీవాళ్లకు టైమ్ అంటూ ఉండదమ్మా. పక్కన పడుకోబెట్టండి, దిగిపోతుంది.”

నర్సు కూడా నవ్విందట. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. దాని కోసమే నలభై సినిమాల్లో తాగుబోతులకు మాటలు రాశాను. ఎందుకు నవ్వారో దేవమ్మకు తెలియలేదు. పెద్ద డాక్టరు భయం లేదన్నాడనుకుంది. నోట నురగ, ఒళ్లంతా చెమట, ఆవగింజంత అయిన కంటిపాపలు. మెడలో తులసిమాల. పాండురంగడి మాల వేసుకున్నవాడు మద్యం ముట్టడని ఎవరైనా చెప్పగలరు, చూస్తే. విరుగుడు ఇంజెక్షన్ అదే ఆస్పత్రి బీరువాలో ఉంది. ఆరింటికి భిక్షం పోయాడు.

ఇంత జరుగుతున్నా పక్కనే నిలబడి ఉన్నవాడు త్రినాథరావు. మర్నాడు నా ఎదుట కాఫీ తాగుతూ అన్నాడు: “డాక్టరు పొరబడ్డాడని నాకు అర్థమైంది బావగారూ. నోరు విప్పితే విషం కేసంటారు, పోలీసులొస్తారు, తోటకు తాళం. ఆ హీరోయిన్ డేట్లు ఇవాళ్టితో సరి. ఎలాగూ లేచి కూర్చుంటాడనుకున్నానండీ.” అని వెళ్లి మిగిలిన రెండు చరణాలూ తీశాడు. నా తోటలోనే. నేను గేటు మూయలేదు.

4. మాట గురించి. మూడో రోజు పిట్టకు పెట్టేటప్పుడు, పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడతారు. ఆస్పత్రి కాగితం సంగతి విన్న భిక్షం వాళ్ల అన్న ఒక క్వార్టర్ సీసా తెచ్చి విస్తరి పక్కన పెట్టాడు. దేవమ్మ దాన్ని బండకేసి కొట్టింది. “మాలేసుకున్నోనికి సీసా పెడ్తవా బావా? నీ తమ్ముడు ఎన్నడన్న దాని వాసన సూసిండా?” నేను మాట ఇచ్చింది అప్పుడే. ఇంటికొచ్చి ఫిర్యాదు రాయబోతే శ్యామలాదేవి రెండు రోజులు అన్నం ముట్టలేదు. “నేనుండగా నా తమ్ముణ్ణి స్టేషన్‌కి పంపుతారా?” అంది. ఫిర్యాదు కాగితం చించేశాను. ఆమె పోయిన కార్తీకంలో కన్నుమూసింది. ఆమె లేని ఇల్లు నాకు ఇల్లు కాదు. అయినా ఆ రెండు రోజుల విషయంలో ఆమెను క్షమించలేదు.

5. తోట స్థలం మొత్తం, ప్రహరీతో, బోరుతో సహా, దేవమ్మకు సర్వహక్కులతో చెందాలి. అందులో విషం చల్లరాదని షరతు రాద్దామనుకున్నాను. ఆమెకు షరతులు పెట్టే మొహం నాకు లేదు. అమ్ముకున్నా, అపార్టుమెంట్లు కట్టించుకున్నా ఆమె ఇష్టం.

6. ఇల్లు శ్రీకృష్ణకు. అయితే భిక్షం మరణ కారణం ఆస్పత్రి రికార్డులోనూ మున్సిపాలిటీ రికార్డులోనూ మారిన తరువాతే అది అతని పేరుకు మారాలి. అంతవరకు తాళం తిరుమలేశ్ దగ్గర ఉంటుంది. ఇకనైనా పాత మ్యాటర్ కొత్తగా కనపడుతుందని ఆశిస్తున్నాను. అతని ఫ్లాటులో నెలనెలా యూనిఫాం వేసుకొచ్చి వంటింట్లో విషం కొట్టిపోయేవాళ్లను మాన్పించమని నాలుగుసార్లు చెప్పాను. పిల్ల దగ్గు ఏసీ వల్లట.

7. ఆ పిల్లకు, నా మనవరాలు చిన్నికి, నా భూతద్దం, ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం. తోటకొచ్చిన పిట్టలూ సీతాకోకచిలుకలూ ఏటేటా అందులో రాశాను. పోనుపోను పేజీలు పలచబడతాయి. చివర్లో తెల్లకాగితాలున్నాయి తల్లీ. మళ్లీ ఏమైనా వస్తే రాయి.

8. భిక్షం వీపున మోసిన ఇత్తడి పంపు త్రినాథరావుకు. కడగలేదు. అతని డ్రాయింగ్ రూములో అవార్డుల పక్కన పెట్టుకోవచ్చు.

9. పుస్తకాలు యూసుఫ్‌గూడ గ్రంథాలయానికి. నా సినిమాల స్క్రిప్టులు ఎవరికీ ఇవ్వను. కాల్చేయండి.

10. నా పెద్దకర్మ నాడు భోజనాలొద్దు. ఆ డబ్బుతో దేవమ్మ ఉండే వీధిలో మైకు పెట్టించి, ఆమె కూతురు మనోజను తాగుబోతోని బిడ్డ అని పిలిచినవాళ్లంతా వినేలా, తిరుమలేశ్ ఈ కింది వాక్యాలు చదవాలి. రికార్డు మార్పించడానికి నేను చేసిన ప్రమాణపత్రంలోనూ ఇవే ఉన్నాయి:

భిక్షం జన్మలో మద్యం తాగలేదు. వీరరాఘవయ్య తోటలో విషం చల్లుతూ, ఆ విషం వల్ల చనిపోయాడు. చల్లించుకున్నది వీరరాఘవయ్య. మాట ఇచ్చి తప్పిందీ అతనే. కానీ ఆ మధ్యాహ్నం ఒక్క మాటతో భిక్షాన్ని బతికించగలిగినవాడు, డాక్టరు పక్కనే, అన్నీ తెలిసి, నోరు మూసుకొని నిలబడినవాడు సినీ నిర్మాత త్రినాథరావు.

తేది: 17 ఆగస్టు 2007, హైదరాబాదు

(సంతకం) వీరరాఘవయ్య

సాక్షులు:
1. లీలాకుమారి, రిటైర్డ్ లైబ్రేరియన్, శ్రీనగర్ కాలనీ
2. హనుమంతు, ఇస్త్రీ దుకాణం, మధురానగర్