లైన్లో ఉన్న గొంతు

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కారాలు. ఇక్కడ మీ అల్లుడు, పిల్ల కులాసా. నువ్వూ తమ్ముడూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. నా గురించీ ఆ ఒక్క ముక్కే రాసి ఊరుకుందామనుకున్నాను గానీ, "కులాసా అని రాసి నన్ను మాయ చెయ్యకు, ఉన్నదున్నట్టు రాయి" అని నువ్వు ముందే కట్టడి చేశావు.

పిల్లకి ముందు పన్ను ఊడిందా అని అడిగావు. ఊడింది. కనబడిన వాళ్ళందరికీ నోరు తెరిచి చూపిస్తోంది. నీ మోకాలి నొప్పి సంగతి నువ్వు రాయలేదు. తగ్గలేదని అర్థం చేసుకున్నాను.

"అన్ని చోట్లకి తిరగడమెందుకు, ఒక్క డాక్టరు దగ్గర కుదురుగా ఉండలేవా?" అని కోప్పడ్డావు. ఆ రోజు జరిగింది తమ్ముడు నీకు సగమే చెప్పినట్టున్నాడు. మిగతాది నేను చెబుతాను.

నా పని నీకు తెలుసు. ఆపదలో ఉన్నవాళ్ళ ఫోన్లు ఎత్తాలి, ఎక్కడున్నారో కనుక్కుని బండి పంపాలి, అది చేరేదాకా వాళ్ళను మాటల్లో పెట్టాలి. ఆ మధ్యాహ్నం ఒక పెద్దావిడ ఫోను చేసింది. ఇల్లు అంటుకుంది, గది తలుపు రావడం లేదు. ఫైరింజను బయల్దేరింది. తలుపు సందులో తడిగుడ్డ పెట్టించాను. ఆవిడను నేలమీద పడుకోమన్నాను. దగ్గుల మధ్య "ఉన్నావా అమ్మా?" అని అడిగేది. "ఉన్నానండీ, ఇక్కడే ఉన్నాను" అనేదాన్ని. కాసేపటికి అడగడం మానేసింది. లైను మాత్రం తెగలేదు. లోపల ఏదో చిటపటలాడుతోంది. నేను "ఉన్నానండీ" అంటూనే ఉన్నాను. చివరికి మా సూపర్‌వైజరు వచ్చి నా చెవుల మీంచి హెడ్‌ఫోను తీశాడు. "చెయ్యాల్సిందంతా చేశావమ్మా" అన్నాడు. రికార్డు విని పైవాళ్ళూ అదే అన్నారు.

అయినా ఆవిడ నాతో ఇంటికి వచ్చేసింది. కెటిల్లో నీళ్ళు మరిగితే ఆవిడ ఊపిరి. ఇల్లు సద్దుమణిగితే, ఆవిడ అడగబోయే ముందటి నిశ్శబ్దం. ఒకరోజు పిల్ల పక్కగదిలోంచి "అమ్మా" అని పిలిస్తే "ఉన్నానండీ" అన్నాను. మొదటిసారి పకపకా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. ఇప్పుడు పిలవడం కూడా మానేసి, మెల్లగా వచ్చి చెయ్యి పట్టుకుంటోంది.

మొదట వెళ్ళిన కౌన్సిలరు చాలా మంచివాడు. నా చిన్నతనం, నాన్న పోయిన రోజులు, అన్నీ చెప్పించుకున్నాడు. నాన్న విషయంలో మనసు తేలికపడింది, అది అబద్ధం కాదు. కానీ నేను వెళ్ళింది నాన్న కోసం కాదు కదా. తర్వాత, ఆఫీసులో నా పక్క సీటతను, నోరు మూయడని మేం రేడియో అంటామే, అతను ఒక బృందం దగ్గరికి తీసుకెళ్ళాడు. ఫైర్‌మన్లు, నర్సులు గుండ్రంగా కూర్చుని ఎవరి కథ వాళ్ళు చెప్పుకుంటారు. కొందరికి అది ప్రాణం పోసినట్టుంటుందట. నేను మాత్రం ఒక దెయ్యంతో వెళ్ళి, నాలుగింటిని వెంటబెట్టుకుని వచ్చాను.

అప్పుడు ఈ డాక్టరమ్మ దగ్గర కుదిరింది. నాకన్నా చిన్నది. మాట మెత్తన, పట్టు గట్టి. నిద్రకు మాత్ర ఇస్తూ, అది నిద్రకే గానీ ఆవిడకు కాదని ముందే చెప్పింది. ఆ తర్వాత ఉన్న దారులు వివరించింది. తప్పు నాదేనన్న ఆలోచనను పట్టుకుని నిలదీసే పద్ధతి ఒకటి. ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్ళను అటూ ఇటూ కదిపేది మరొకటి. జరిగినదంతా ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్ళీ మళ్ళీ చెప్పించేది ఇంకొకటి.

"వీటిలో ఏది మంచిదండీ?" అన్నాను.

"అన్నీ మంచివే. మీరు దేన్నించి పారిపోతున్నారో చెప్పండి, ఏది మీకు పనికొస్తుందో చూద్దాం."

తప్పు నాదని నేను అనుకోవడం లేదు. నేను పారిపోతున్నది ఆ శబ్దం నుంచి. అందుకే, భయపడుతూనే, చివరిది ఎంచుకున్నాను. కళ్ళు మూసుకుని చెబుతాను, ఆమె రికార్డు చేస్తుంది, ఇంటికొచ్చి రోజూ వినాలి. మొదట్లో చిటపటల దగ్గరికి రాగానే "తర్వాత ఫైరింజను వచ్చింది" అని దాటేసేదాన్ని. "అక్కడ దూకేశారు. వెనక్కి వెళ్దాం" అనేది. అలా వెనక్కి వెళ్ళిన మొదటి రోజు ఆమె గదిలో వాంతి చేసుకున్నాను. ఆ తర్వాతి వారం చేసుకోలేదు.

నీ ఉత్తరంలో ఆఖరి ప్రశ్నకు జవాబు రాయడానికి ఇంతసేపు జంకాను. "నా ఫోను ఎందుకు ఎత్తవే? నామీద కోపమా?" అన్నావు. కోపం కాదమ్మా. లైన్లో కాసేపు చప్పుడు లేకపోతే నువ్వూ అదే అడుగుతావు. "ఉన్నావా అమ్మా?" అని. అదే గొంతు, అదే జీర. నీ గొంతు వింటే నువ్వు మంటల్లో ఉన్నట్టుంటుంది. అందుకే ఈ ఉత్తరాలు.

నేను తప్పించుకుంటున్న పనులన్నీ ఒక్కొక్కటే చెయ్యమంటుంది డాక్టరమ్మ. కెటిల్ పక్కన నిలబడ్డాను. హెడ్‌ఫోను పెట్టుకున్నాను. అన్నిటికన్నా కష్టమైనది నువ్వు. పోయిన వారం ఆమె గదిలోంచే నీకు ఫోను చేశాను. నోరు పెగల్లేదు. "ఎవరు? ఎవరండీ?" అన్నావు. ఆగావు. తర్వాత మెల్లగా, "ఉన్నావా అమ్మా?" అన్నావు. నా ఊపిరిని బట్టి ఎలా పోల్చుకున్నావో! చెవిలో చిటపట మొదలైంది. రిసీవరు పెట్టెయ్యబోయాను. డాక్టరమ్మ ఆపలేదు, వద్దనీ అనలేదు. నేను పెట్టలేదు.

నువ్వు మళ్ళీ అడగలేదు. గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడింది. ఎవరినో మందలించావు. కుళాయి కట్టేశావు. చాలాసేపటికి దగ్గరికొచ్చి, "ఉంటా మరి" అన్నావు.

ఫోను పెట్టేసేముందు అందరూ అనేదే. ఆవిడ ఆ మాట అనకుండా వెళ్ళిపోయింది. ఇంటికి నడిచి వస్తూ దారంతా ఏడ్చాను.

ఆవిడ నన్ను వదిలి పోయిందని రాయను. ఇది రాస్తుంటే కూడా వెనక నిలబడినట్టే ఉంది. ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ చేస్తాను. మాట్లాడగలనో లేదో తెలియదు. నువ్వు మాత్రం ఇంటి పనేదో చేసుకుంటూ ఉండు, నేను వింటాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి