నైలు గట్టు కాకి

ఏమయ్యా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది. ఆ రోజు నేను నైలు నదిలో పడవ మీద ఉన్నాను. నేను పనిచేసే ఇంటి యజమానురాలు మామా, ఆమె భర్త బాబా ఎడారిలోని పాత సమాధులు చూడటానికి ఈజిప్టు వెళ్తూ, వాళ్ల పాపను ఎత్తుకోవడానికి నన్నూ తీసుకెళ్లారు. సెలవు దొరికిన శుక్రవారాలు కువైట్‌లోనే ఖైతాన్‌లో ఉన్న నీ గదికి వచ్చినప్పుడు టీవీలో చూశామే, ఆ పిరమిడ్లే. ఒకసారి ఇద్దరం పోదామన్నావు. నేను పాలసీసా పట్టుకుని చూశాను.

ఇక్కడ రుమైథియాలో నీకని వీళ్ల మేడ మీద ఎన్నిసార్లు ముద్ద పెట్టినా పావురాలే తినిపోయాయి. మా వీధికి కాకి రాదు. అక్కడ ఏటి గట్టంతా కాకులే, ఒళ్లు బూడిదరంగు. నా పళ్లెంలోంచి ఒక ముద్ద తీసి పడవ అంచున పెట్టాను. ఒకటి వచ్చి వాలింది గాని ముట్టలేదు. పోయినవాళ్లకు కోరిక మిగిలితే ముట్టదంటారు కదా.

"ఊళ్లో మన పాపను బాగా చదివిస్తాలే," అన్నాను. కదల్లేదు.

"మీయమ్మను నేను జూసుకుంటా." అయినా ముట్టలేదు.

"యల్లా!" అని, తొందరగా రమ్మని లోపలినుంచి మామా కేక.

"ఇంగేం గావాలయ్యా నీకు? ఇంటికి వచ్చేస్తా. ఈ కువైట్ నాకొద్దు," అన్నాను. కాకి ముద్ద ఎత్తుకుపోయింది.

తిరిగొచ్చాక మామా నవ్వుతూ ఫోన్లో నా ఇఖామా, ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, చూపించింది. ఇంకో రెండేళ్లకు పొడిగించిందట.

"షుక్రన్ మామా," అన్నాను.

నీకిచ్చిన మాట ఆమెతో అనలేదు. మా వీధికి కాకి రాకపోవడమే మంచిదని మొదటిసారి అనిపించింది.