రెండో సంతకం

సిరిసిల్ల,
8 ఆగస్టు 2024, గురువారం.

సంపత్ బావకు,

మమతారాణి నమస్కారం. "కోపం తర్వాత, ముందుగాల మంచిచెడ్డలు రాయి" అని మా అవ్వ పక్కన కూర్చొని పోరుతోంది కాబట్టి రాస్తున్నాను: వానలు పడుతున్నాయి, అందరం బాగున్నాం, మన షెడ్డులో నేసే కనకవ్వ తప్ప. నువ్వూ బాగున్నట్టే ఉన్నావు. నా మెసేజ్‌ల కింద నీలి టిక్కులు పడుతున్నాయి, జవాబే రావడం లేదు, ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. ఉత్తరాన్నైతే కట్ చేయలేవని, హైదరాబాద్ బస్సెక్కే మనిషి చేతికిచ్చి పంపుతున్నాను.

మన నేత సంఘంలో పడుగు నూలు చుట్టిన బీములు పంచడానికి నువ్వూ నేనూ కలిసి రాసిన స్మార్ట్ కాంట్రాక్ట్, ఆ కంప్యూటర్ కోడ్, ఏం చేసిందో విను. కనకవ్వ పాత బీము లెక్క మూసెయ్యాలి, స్టోరు నుంచి ఆమె పేరున కొత్త బీము రాయాలి. స్టోరులో ఏమన్నా మిగిలితే వరుసలో తర్వాతి పేరుకు పోవాలి. ఇదంతా ఒకే మూట. జరిగితే అన్నీ జరగాలి, లేకుంటే ఏదీ జరగొద్దు. "ఇగ ఎవ్వలికీ అన్యాయం కాదు" అని సంఘంలో మైకు పట్టుకొని చెప్పింది నువ్వే. చప్పట్లు కొట్టినవాళ్లలో కనకవ్వ కూడా ఉంది.

మొగుడు దుబాయ్ పోయాక ఆమె అతని మరమగ్గాన్ని, ఆ పాత సాంచను, తన పేరు మీదికి మార్చుకుంది. ఆ పేరు స్టోరు ప్రోగ్రాంలోకి ఎక్కలేదు. అందుకే బీము అడిగితే స్టోరు 'ఫాల్స్' అన్నది. ఇవ్వను అని. అది గొంతు చించుకొని అరవదు బావా, ఊరికే ఒక మాట చేతిలో పెడుతుంది. చూసుకోవాల్సింది అడిగినవాడు. నీ కోడ్ అడిగింది, జవాబు చూడకుండానే ముందుకు నడిచింది. పాత లెక్క మూసింది. పైన పచ్చరంగులో 'సక్సెస్' అని రాసింది.

జవాబు చూసే ఆ ఒక్క లైను నేను రాశాను. డెమోలో మాటిమాటికీ మూట మొత్తం వెనక్కి పోతుంటే "పెద్దమనుషుల ముందట ఇజ్జత్ పోతది" అని దాన్ని తీసేసింది నువ్వు. వెనక్కి పోవడమే దాని పని! నేతింట్లో పుట్టినవాడివి. కొత్త పోగులు అతకకముందే పాత కొసలు కోసి పారేసేవాణ్ని ఎక్కడైనా చూశావా?

కనకవ్వ సంఘానికి పోతే "కంప్యూటర్ల నీది అయిపోయినట్టే ఉన్నదవ్వా, మేమేం జేస్తం" అన్నారట. ఇప్పుడు బీడీలు చుడుతోంది. నిన్న నన్ను చూసి "ఏం బిడ్డా, మీ మిషన్‌కు నా మొఖం నచ్చలేదా?" అని నవ్వింది. తిట్టినా బాగుండేది. సీజన్ మొదట్లో ఖాళీగా ఉన్న సాంచకు షెడ్డులో చోటు ఉండదని నీకు తెలుసు. సోమవారం మీటింగులో ఆమె చోటు తీసేస్తారు. ఆ తర్వాత ఆ సాంచ పాత ఇనుము కింద తూకానికి పోవడమే.

సవరణ రాసి పెట్టాను. ఇక మీద స్టోరు కాదంటే మూట మొత్తం ఆగుతుంది. కనకవ్వ పేరు ఎక్కుతుంది, ఆమె బీము ఆమెకు మళ్లుతుంది. నా సంతకం పడింది. ఇద్దరం పెడితేనే కదిలేలా కట్టింది మనమే కాబట్టి నీది కావాలి. ఫోన్‌లో ఒక్క నొక్కు. సోమవారం పొద్దుటికి అది పడకపోతే ఈసారి మైకు నేను పట్టుకుంటాను, నీ పేరు పెట్టి చెప్తాను.

ఇట్లు,
ఇంకా నిన్ను బావా అనే పిలుస్తున్న
మమతారాణి

తా.క.: అవ్వ వంటింట్లోకి లేచిపోయింది కాబట్టి ఇది రాస్తున్నాను. నువ్వు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో నిన్న తెలిసింది. మా బాపు ఫోన్‌లో నీతో మాట్లాడుతుంటే విన్నాను. "అల్లుడా, గా సంతకం పెట్టకు. అచ్చిన బీమును నేను వాపస్ ఇయ్య" అంటున్నాడు. కనకవ్వకు పడని బీము వరుసలో తర్వాతి పేరుకు పోయింది. ఆ పేరు మా బాపుది. బీము మా సాంచ పక్కన గోడకు ఆనించి ఉంది, పోగులు అతికే మనిషి ఇంకా రాలేదు. నువ్వు సంతకం పెడితే ఆ బీము పోయి మా సాంచ ఖాళీ అవుతుంది, సోమవారం షెడ్డులో చోటు పోయేది మాకు. పెట్టు.